బఠాణీ మడికి తాళం

ఫిబ్రవరి 8

చెల్లాయికి,

ఈ ఉత్తరం రాయకుండానే సరిపెట్టేద్దామనుకున్నాను. కాగితం తీశాను, కలం మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను. రాయడానికేముంది? మంచం, బల్ల, కిటికీ. వాటి సంగతి పోయిన నెల్లోనే రాసేశాను, అప్పట్నుంచి అవేవీ కదల్లేదు. నేనూ అంతే. కానీ నువ్వు ఫోనులో మాట్లాడితే నా చెవికి సీసాలో పడ్డ ఈగలా వినిపిస్తావు కనక, నిన్నొక మాట అడగాలంటే నాకిదే దారి.

అడగాల్సింది ఇదీ: మట్టి తవ్వకానికి సిద్ధమైందో లేదో మేడ మీంచి చూసి చెప్పొచ్చా?

నవ్వకు. తుంటి ఎముక అతుక్కుంది. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "బాగా అతుక్కుంది పెద్దాయనా, చేతికర్రతో నడవండి, మెట్లు మాత్రం పక్కన ఎవరైనా ఉంటేనే" అన్నాడు. నీ మేనకోడలు ఆ మాటలో మొదటి సగం డాక్టరు గదిలోనే వదిలేసి, రెండో సగం జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుంది. పక్కన ఎవరైనా ఉంటేనే. ఆ ఎవరైనా ఎవరు? తను పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చోడానికి పోతుంది, చీకటి పడ్డాక వస్తుంది. అల్లుడు బస్సు తోలుతాడు. మధ్యాహ్నం ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య వచ్చి, నాకు కంచం అందించి, హారను కొట్టినట్టు ఒకసారి దగ్గి వెళ్ళిపోతాడు. "ఆదివారం దింపుతాను నాన్నా" అంటుంది పిల్ల. ఆదివారం వస్తుంది, బట్టల ఉతుకుడుతో పోతుంది.

కిటికీలోంచి పెరడు మొత్తం కనిపిస్తుంది. అదే బాధ. కనిపించకపోతే మర్చిపోదును. పోయినేటి టమాటా కాడలు నల్లబడి ఇంకా పుల్లలకి వేలాడుతున్నాయి. గోడవార మడిలో కలుపు దర్జాగా కాపురం పెట్టింది. పొద్దున ఎండ తగిలాక నేల మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఈ చలి ఊళ్ళో బఠాణీకి ఇదే అదను కదా? ఎండ ముదిరితే పూత మాడిపోతుందని నువ్వే చెప్పావు, మొక్కల నర్సరీలో పని చేసే రోజుల్లో.

ఒక మాట నీకు మాత్రమే చెబుతున్నాను. ఆసుపత్రి మంచం మీద పడుకుని, బఠాణీ వేళకి కింద ఉంటానని నాలో నేను అనుకున్నాను. ఈసారి దిగలేకపోతే ఇక దిగననిపిస్తోంది. ఈ గదికి నేను బాగా మాలిమి అయిపోతున్నాను.

ఇక మిగిలిన దారి ఒకటే. మంచం మీద దుప్పట్లు మూడున్నాయి. ముడేసి, కిటికీకి కట్టి జారిపోదామని చూస్తున్నాను. నా ముళ్ళు గట్టివే, నీకు తెలుసుగా.

మేడ మీది ఖైదీ,
నీ అన్నయ్య


ఫిబ్రవరి 15

అన్నయ్యా,

మేడ మీంచి చూసి మట్టి సంగతి చెప్పలేం. మట్టిని చేత్తోనే చూడాలి. గుప్పెడు తీసి పిసుకు. ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. విడిపోతే అదను. పొడిచినా ముద్దలాగే ఉంటే ఆగాలి. తడినేల తొక్కితే ఇటుకైపోతుంది.

ఎండిన కాడలు వేళ్ళతో సహా పీకించు. కలుపు పువ్వు పట్టకముందే తీయించు. మాగిన ఎరువు పరిచి పైపైన కలపాలి. లోతుగా తవ్వకూడదు, అది మడి, బావి కాదు. ఇదంతా అల్లుడితో చేయించు, నువ్వు కిటికీ దగ్గర కూర్చుని చెప్పు. నీకెలాగూ చెప్పడమే కదా ఇష్టం.

దుప్పట్ల సంగతి రెండుసార్లు చదివాను. ఈ వయసులో ఇదేం బుద్ధి? వేళాకోళమని అనకు. చిన్నప్పుడు గొడుగు పట్టుకుని గోడ మీంచి దూకుతానని కూడా నవ్వుతూనే చెప్పావు. దూకావు. నేను కింద నిలబడి చూశాను. గొడుగు విరిగి నా మీదే పడింది.

నా తోట బాగానే ఉంది. నా గురించి ఏం దిగులు పెట్టుకోకు.

చెల్లాయి


ఫిబ్రవరి 21

చెల్లాయికి,

ముందొక వింత చెబుతాను, మట్టి తర్వాత.

సోమవారం వెల్డింగు మనిషి వచ్చాడు. నా కిటికీకి ఇనప ఊచలు బిగించి, నిప్పురవ్వలన్నీ నా బల్ల మీద కురిపించి వెళ్ళాడు. "ఎందుకమ్మా ఇది?" అన్నాను. "దొంగల భయం నాన్నా" అంది నీ మేనకోడలు, మొహం అటు తిప్పుకుని. ఈ గదిలో ఎత్తుకెళ్ళడానికి నేను తప్ప ఇంకేముంది? నన్నెత్తుకెళ్ళినా మంచిదే, కిందికైనా దింపుతాడు. మర్నాటికి మూడు దుప్పట్లూ మాయం. వాటి బదులు పరుపంత మందాన బొంత ఒకటి వచ్చింది. దాన్ని ముడెయ్యాలంటే ఇద్దరు పహిల్వాన్లు కావాలి.

నేను ఆ పిల్లతో దుప్పట్ల మాట ఎత్తనే లేదు. నా మనసులో మాట తనకెలా తెలుస్తోందో అంతుపట్టడం లేదు. వాళ్ళమ్మకి కూడా ఈ విద్య ఉండేది. నేను బజారుకెళ్ళి ఏం తిన్నానో గుమ్మంలోనే చెప్పేసేది. అయితే ఆవిడ నా మీసం చూసి చెప్పేది. ఇప్పుడు మీసం లేదు.

ఇక మట్టి. ఊచల సందులోంచి పాలపొడి డబ్బా ఒకటి పడుతుంది, కొలిచి చూశాను. డబ్బాకి తాడు కట్టి వదిలాను. మొదట గోడకి కొట్టుకుంది, తర్వాత పక్కింటి టైలరు తలెత్తి చూశాడు. ఆరేసిన గుడ్డలు తీసుకుంటున్నవాడల్లా నవ్వి, గోడ మీంచి వంగి గుప్పెడు మట్టి డబ్బాలో వేశాడు. పైకి లాగి పిసికాను. ముద్దలాగే ఉంది. నిన్న మళ్ళీ లాగాను. ఈసారి వేలితో పొడిస్తే, చెల్లాయ్, విడిపోయింది. ఎంత సుతారంగా విడిపోయిందని! కాసేపు అలా పట్టుకుని కూర్చున్నాను. పొలమంతా నా అరచేతిలో ఉంది, నేనే అందులో లేను.

అదను వచ్చిందిగా, ఆగలేకపోయాను. రాత్రి నిద్రలో లేచి వెళ్ళి మూడు సాళ్ళు నాటి వచ్చాను. కర్ర కూడా ముట్టకుండా చకచకా దిగాను. తెల్లారి చూసుకుంటే అరికాళ్ళకి మట్టి కూడా అంటుకుని ఉంది. డబ్బా ఎక్కడ ఒలికిందో ఏమో.

నీ తోటలో ఇప్పటికి మొలకలు వచ్చేసి ఉంటాయి. అదృష్టవంతురాలివి, గుమ్మం దిగితే నేల.

ఊచల వెనక నుంచి,
అన్నయ్య


ఫిబ్రవరి 27

అన్నయ్యా,

నిద్రలో నడవడం ఎప్పట్నుంచి? అంత తేలిగ్గా రాస్తావేం? మన పెదనాన్న కూడా ఇలాగే నడిచి పక్కింటివాళ్ళ మంచం మీద పడుకున్నాడు. అది మన వంశంలో ఉంది. పడుకునేముందు మంచం చుట్టూ స్టీలు గ్లాసులు పెట్టుకో. కాలు తగిలితే చప్పుడుకి మెలకువ వస్తుంది.

ఈ కవరులో బఠాణీ గింజలు పెడుతున్నాను. నర్సరీ మానేసినప్పుడు తెచ్చుకున్న రకం, ఏటా విత్తనం కట్టి దాచినవి. ఒక పూట నానబెట్టించు. వేలి కణుపంత లోతు చాలు. సాలుకీ సాలుకీ మధ్య జానెడు వదలమను. అల్లుడికి చెప్పు, నువ్వు దిగకు.

నా తోట బాగానే ఉంది.

చెల్లాయి


మార్చి 5

చెల్లాయికి,

గింజలు అందాయి. గ్లాసుల సలహా కూడా అందింది. కల గురించి రాస్తే నువ్వు గ్లాసులు పెట్టుకోమన్నావు. పోనీలే, నీకు నా రాత ఎప్పుడూ అంతే.

ఈ ఉత్తరం అల్లుడి చేతికివ్వడం లేదు. డబ్బాలో పెట్టి టైలరుకి దింపుతున్నాను, ఆయన పోస్టులో వేస్తాడు. ఎందుకో చదువు.

ఈ ఇంటి మెట్ల మొదట్లో, మేడ మీద, నడుమెత్తు చెక్క తలుపొకటి ఉంది. ముందు అద్దెకున్నవాళ్ళు చంటిపిల్లలు దొర్లిపోకుండా పెట్టించుకున్నది. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. శనివారం పొద్దున నీ మేనకోడలు దానికి తాళంకప్ప తగిలించి, చెవి బ్యాగులో వేసుకుని పనికి పోయింది. "నిద్రలో దిగి పడిపోతావు నాన్నా" అంది. నా కల కూడా తనకి తెలిసిపోయింది! బాత్రూము పైనే ఉంది, నీళ్ళ కూజా పైనే ఉంది, కంచం తలుపు మీంచి వస్తుంది. లోటేమీ లేదు. జైల్లో కూడా లోటేమీ ఉండదంటారు.

ఎవరికి తాళం వేసిందో చూడు. బతుకంతా ఊళ్ళోవాళ్ళ తాళాలు తీసి కూడు తిన్నవాడికి. ఆ కప్ప నాకు తెలుసు. అట్ట ముక్క మీద గుచ్చి అమ్ముతారు, చెవిని చూస్తే చాలు సిగ్గుపడి తెరుచుకునే రకం. జడపిన్ను ఒకటి ఉంటే నేను తుమ్మి తేరుకునేలోగా తీసేస్తాను.

తియ్యను.

నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజే చెప్పాడు: "తాళం వేసినవాళ్ళు పక్కన నిలబడితేనే ముట్టుకో. వాళ్ళు లేకుండా తీస్తే అది పని కాదు, దొంగతనం." ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. తన ఇంటి ముందు తనే నిలబడి "ఇల్లు నాదయ్యా, తియ్యి" అని గోల పెట్టాడు. "ఇల్లు మీదేనండీ, తాళం వేసింది మీ ఆవిడ" అన్నాను. ఇద్దరం వానలో మెట్టు మీద కూర్చున్నాం. సాయంత్రానికి ఆవిడ వచ్చింది. నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "తియ్యకు" అంది. తియ్యలేదు. సంచీ సర్దుకుని వచ్చేశాను. ఆయన సంగతి తర్వాతేమైందో నాకు తెలీదు.

ఆ నియమం మీదే ఇన్నేళ్ళు ఊరు నన్ను గుమ్మాల్లోకి రానిచ్చింది. ఇప్పుడు సొంత కూతురి తాళం దగ్గర దాన్ని మింగెయ్యమంటావా? పోనీ అల్లుణ్ణి పక్కన నిలబెట్టి తీద్దామంటే, తాళం అతను వేసింది కాదు.

నా ఉత్తరాలు చదివి చెబుతున్నాడని అతని మీదే నా అనుమానం. నిన్న మధ్యాహ్నం తలుపు మీంచి కంచం అందిస్తుంటే పట్టుకున్నాను.

"నా ఉత్తరాలు పోస్టులో వేసేది నువ్వేనా?"

"నేనే మామయ్యగారూ."

"వేసేముందు చదివేది కూడా నువ్వేనా?"

"మీ దస్తూరి మందుల షాపువాడికి కూడా అర్థం కాదు మామయ్యగారూ. నేను బస్సు బోర్డులు చదివేవాణ్ణి."

"మరి నా మాటలు మీ ఆవిడకి ఎవరు మోస్తున్నారు?"

కంచం నా చేతిలో పెట్టి దిగిపోయాడు. దగ్గలేదు కూడా.

చెల్లాయ్, ఇక వేళాకోళం లేకుండా రాస్తున్నాను. పొద్దున్నే లేచి కిటికీ దగ్గర కూర్చుంటాను. మడి అక్కడుంది, నేనిక్కడున్నాను. ఎండ రోజురోజుకీ ముందే గోడ దిగుతోంది. డబ్బాతో లాగిన మట్టి ఇప్పుడు ముద్ద కూడా కట్టడం లేదు, పొడిపొడిగా జారుతోంది. ఇంకో పది రోజులు పోతే వేసినా వెయ్యకపోయినా ఒకటే. నీ గింజలు బల్ల మీద సాసర్లో ఉన్నాయి. వాటిని చూస్తే అవీ నాలాగే కూర్చున్నాయనిపిస్తోంది. గింజకైనా ఎవరో ఒకరు నీళ్ళు పోస్తే లేస్తుంది.

వీళ్ళు మంచివాళ్ళు. అదే చిక్కు. చెడ్డవాళ్ళయితే పోట్లాడి దిగిపోదును.

అన్నయ్య


మార్చి 10

అన్నయ్యా,

అల్లుణ్ణి ఏమీ అనకు. నీ మాటలు మోసింది నేను.

నీ ఉత్తరం చదవగానే నా మేనకోడలికి ఫోను చేసేదాన్ని. దుప్పట్లన్నావు, చేశాను. నిద్రలో నడిచానన్నావు, చేశాను. ఆ ఊచలు నావి. ఆ బొంత నాది. తాళం కూడా నాదే అనుకో. నీకు చెప్పొద్దని ఆ పిల్లని నేనే అడిగాను, చెబితే నాకు ఉత్తరాలు మానేస్తావని. కల అని ఒక్క ముక్క రాసి ఉండొచ్చు కదా నువ్వు?

ఇంకో సంగతి. నా తోట బాగానే ఉందని రాస్తూ వచ్చాను. తోట లేదు. మా పెద్దాడు ఇల్లు మార్చాడు, నీ ఉత్తరాలు పాత చిరునామా నుంచి తెచ్చిస్తాడు, ఇప్పుడు తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాం. బాల్కనీలో రెండు బకెట్లున్నాయి, వాటికి కూడా ఎండ రాదు. లిఫ్టులో ఒక్కదాన్నే దిగాలంటే నాకు భయం. తలుపులు మూసుకోగానే ఊపిరాడదు. అందుకని దిగను. నీకు చెబితే ఏదో నవ్వించేలా రాస్తావు, అప్పుడు నాకు ఏడుపొస్తుంది, అందుకే చెప్పలేదు. మట్టి ముద్ద విడిపోయిందని నువ్వు రాసిన కాగితం మీద నీ వేలిముద్ర ఉంది. మట్టిది. దాన్ని వాసన చూశాను.

ఆ గింజలకి నా దగ్గర చోటు లేదు. ఇక్కడికొచ్చాక మళ్ళీ విత్తనం కట్టలేదు, పాతబడిపోయాయి, ఈ ఏడు నేలలో పడకపోతే ఇక మొలవవు. అవి తప్ప నా దగ్గర వేరే విత్తనం లేదు.

నిన్న మళ్ళీ ఫోను చేశాను. ఈసారి నీ నియమం సంగతి చెప్పాను. వానలో మెట్టు మీద కూర్చున్నది కూడా చెప్పాను. ఆ పిల్ల అంది, "తియ్యగలడా అత్తా? ఇన్నాళ్ళూ తియ్యగలిగి కూడా తియ్యలేదా?"

నానబెట్టడం మర్చిపోకు.

చెల్లాయి


మార్చి 17

చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద అలిగాను. తర్వాత బకెట్లు గుర్తొచ్చి అలక పోయింది. తొమ్మిదో అంతస్తు గురించి నవ్వించేలా ఏమీ రాయడం లేదు, చూసుకో.

ఇవాళ ఆదివారం. పొద్దున నీ మేనకోడలు పైకొచ్చింది. బట్టల మూట లేదు చేతిలో. లోపలికొచ్చి, మెట్ల తలుపు మూసి, తాళం వేసింది, తను కూడా ఇటువైపే ఉండి. నా పక్కన నిలబడి జడలోంచి పిన్ను తీసింది.

"తియ్యి నాన్నా. వేసినదాన్ని పక్కనే ఉన్నాగా."

"చెవి ఉందిగా నీ దగ్గర?"

"చెవి తెచ్చానని ఎవరన్నారు?"

పిన్ను వంచాను. తుమ్మి తేరుకునేలోగా అని రాశాను కదా. అంత కంటే చాలా ఎక్కువే పట్టింది. పిన్ను రెండుసార్లు కింద పడింది, రెండుసార్లూ తనే తీసిచ్చింది. తెరుచుకున్నాక కప్ప నా అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. అప్పుడంది, "ఆ రోజు నువ్వు ఈ మెట్ల కింద పడుంటే, వీధి తలుపు తీసి చూసింది నేను నాన్నా. పిలిస్తే పలకలేదు నువ్వు." నాకు ఏ వేళాకోళమూ తోచలేదు. "పలుకుతున్నానుగా ఇప్పుడు" అన్నాను.

తను ముందు, నేను వెనక. వెనక్కి తిరిగి, పిల్లలు దిగినట్టు దిగాను. మధ్యలో ఒకచోట ఆగి, గోడ బాగా లేదు సున్నం వేయించాలి అన్నాను. ఆయాసమని తనకి తెలుసు. "అవును నాన్నా, వేయించాలి" అంది.

పెరట్లో అల్లుడు పార పట్టుకుని ఉన్నాడు. నేను అన్నన్ని మాటలన్నా, పొద్దున్నుంచీ కాడలు పీకి, కలుపు తీసి, మడికి నీళ్ళు పెట్టి ఉంచాడు. తవ్వాడు కూడా. నువ్వు వద్దన్న బావి తవ్వాడు. "ఎంత లోతో చెప్పలేదు మామయ్యగారూ, మీరు మాట్లాడ్డం మానేశారుగా" అన్నాడు. "తప్పు నాదే, పూడ్చు" అన్నాను. గట్టిగా ఒకసారి దగ్గి పూడ్చాడు.

గునపం ఎత్తలేకపోయాను, చెల్లాయ్. నీకు అబద్ధం రాయను. రెండు అడుగులేస్తే కాళ్ళు తడబడ్డాయి. బకెట్టు బోర్లించి కూర్చోబెట్టారు. కూర్చున్నచోటి నుంచే గుప్పెడు తీసి పిసికాను, పొడిచాను, విడిపోయింది. చేతికి అందినంత మేర ఒక సాలు నేను నాటాను. మిగతా రెండూ నీ మేనకోడలు నాటింది, గింజ గింజకీ వేలి కణుపు చూసుకుంటూ. గింజలన్నీ అయిపోయాయి. ఒక్కటి మిగిలితే ఈ కవరులో పెడుతున్నాను. నానింది, మొలక ముక్కు కనిపిస్తోంది. దారిలో బతుకుతుందో లేదో తెలీదు, బకెట్లో వేసి చూడు.

వాన మొదలైంది, లోపలికొచ్చేశాం. ఎక్కడం దిగినదానికంటే తేలిక. ఏం లాభం, అది నాకు కావలసిన తోవ కాదు. మంచం మీద కూలబడి నీకిది రాస్తున్నాను.

తాళం సంగతి మేమెవరమూ ఎత్తలేదు. రేపు తను పనికి పోతుంది. కప్ప తెరిచే ఉండి తలుపుకి వేలాడుతోంది.

నీ అన్నయ్య

తా.క. వాళ్ళిద్దరూ భోజనాలకి కిందికి వెళ్ళాక, మెట్ల తలుపు దగ్గరికి లాగి తాళం నేనే వేశాను. ఇక వేసినవాణ్ణి నేనేగా, జడపిన్ను నా జేబులో ఉంది.